గుంట అడుగున వెలుగు

అంచు దగ్గర పెచ్చు లేచిన తెల్ల ఎనామిల్ పళ్లెం ఒకటి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పెచ్చు ఊడినచోట నల్లటి ఇనుము కనిపిస్తుంది. ఆ పూత పెయింటు కాదు, గాజు. గాజుపొడిని లోహం మీద పరిచి కొలిమిలో కరిగిస్తే అలా అతుక్కుంటుంది. జైపూర్ మీనాకారీ నగలదీ ఇదే కిటుకు, కాకపోతే అక్కడ ఇనుము బదులు బంగారం. రాజా మాన్‌సింగ్ 16వ శతాబ్దం చివర్లో లాహోర్ నుంచి ఈ పనివాళ్లను జైపూర్ పక్కనే ఉన్న తన రాజధాని ఆమేర్‌కు రప్పించాడని చెబుతారు.

ఎర్ర పువ్వు పక్కనే పచ్చటి ఆకు వేస్తే కరిగిన గాజు ఒకదాంట్లోకి ఒకటి పారదా? పారుతుంది. అందుకే మధ్యలో గోడ కావాలి. చైనా పనివాళ్లు సన్నటి తీగను డిజైన్ ప్రకారం వంచి రాగి పాత్ర మీద నిలబెట్టి, ఆ గదుల్లో రంగులు నింపుతారు. దాన్ని క్లోజనే అంటారు. జైపూర్‌లో తీగ పెట్టరు. బంగారాన్నే గుంటలుగా చెక్కి, చెక్కకుండా వదిలిన గీతల్ని గోడలుగా వాడుకుంటారు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ గుంట అడుగు. బయటికి కనపడని చోటే కదా అని వదిలేయరు, అక్కడా ఉలితో సన్నటి గీతలు గీస్తారు. గాజుకు పట్టు దొరుకుతుంది. అంతేకాదు, పారదర్శకమైన గాజులోంచి దిగిన వెలుగు ఆ గీతలకు తగిలి మెరుస్తూ పైకొస్తుంది. లోతున్నచోట రంగు చిక్కగా, మెరకలో పలచగా కనిపిస్తుంది. ఒకే పచ్చ పొడితో ఆకు మీద వెలుగూ నీడా రెండూ వచ్చేస్తాయి!

గాజుకు నీలం కోబాల్టు ఇస్తుంది, పచ్చదనం రాగి ఇస్తుంది. కొలిమి వేడి 800 డిగ్రీల అటూఇటూ. మేలిమి బంగారం 1064 డిగ్రీల దాకా కరగదు కాబట్టి నగకు భయం లేదు, భయమంతా రంగులకే. ఎక్కువ వేడికి ఆగే తెలుపును ముందు కాలుస్తారు, సున్నితమైన ఎరుపును అన్నిటికన్నా చివర. అసలు టెన్షన్ అప్పుడే. అప్పటిదాకా పడ్డ కష్టమంతా కొలిమిలోని ఆ నగలోనే ఉంటుంది, కాస్త ఎక్కువ కాలినా ఎరుపు చెడిపోతుంది.

చల్లారేటప్పుడు ఇంకో గొడవ. లోహం గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. ఒకవైపే పూత ఉంటే పల్చటి రేకు వంగుతుంది, గాజు పగులుతుంది. రెండోవైపూ గాజు పూస్తే రెండు పక్కలా లాగుడు సమానమవుతుంది. మీ ఎనామిల్ పళ్లేన్ని బోర్లించి చూడండి. అడుగునా పూత ఉంటుంది, తుప్పు భయం ఒక్కటే కాదు దానికి కారణం.