మామయ్య విస్తట్లో పడ్డ నీళ్ళు

పాలకొల్లు

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న భీమవరం పెళ్ళిలో మీ మామయ్య పప్పులో నెయ్యి కలుపుకుంటుంటే పైనున్న ఏసీలోంచి టప్పున నీళ్ళు పడ్డాయి కదా. ఆయన తలెత్తి చూసి, "గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టించాలి" అనేశాడు. పంక్తిలో నలుగురూ తలూపారు. అమ్మలు మాత్రం నా చెవిలో, "గ్యాస్ అయిపోతే నీళ్ళెందుకు పడతాయి తాతయ్యా?" అంది. వడ్డన మధ్యలో తేలే సంగతి కాదని ఊరుకున్నాను. నలభై ఏళ్ళు ఏసీలు విప్పి బిగించి బతికినవాణ్ణి, ఆ ప్రశ్నకి జవాబు బాకీ ఉంచుకోవడం నాకే బాగోలేదు.

ముందు గ్యాస్ సంగతి. వంటింట్లో సిలిండరు ఖాళీ అవుతుంది, ఎందుకంటే గ్యాస్ మండిపోతుంది. ఏసీలో గ్యాస్ మండదు, అరగదు. కంప్రెసరు, అంటే గ్యాస్‌ని నొక్కే పంపు, తోస్తుంటే రాగి గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది. లోపల వేడి ఎత్తుకుంటుంది, మేడ మీదికెళ్ళి దింపుతుంది, మళ్ళీ వస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. కారే చోటు పట్టుకోకుండా ఏటా గ్యాస్ కొట్టించడం చిల్లుబిందెతో నీళ్ళు మొయ్యడం లాంటిది. సబ్బునురుగు పూసి బుడగ ఎక్కడొస్తుందో చూడాలి, అతుకు వెయ్యాలి, నైట్రోజన్ ఎక్కించి ప్రెషరు నిలబడుతోందో లేదో కనిపెట్టాలి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగెయ్యాలి. ఆ తర్వాతే గ్యాస్, అదీ కాటా మీద తూచి.

ఇక నీళ్ళు. స్టీలు గ్లాసులో చల్లటి మజ్జిగ పోస్తే బయట చెమట పడుతుంది చూడండి, ఏసీ లోపలి కాయిల్, అంటే చల్లటి గొట్టాల చుట్ట మీదా అదే పడుతుంది. గాల్లో ఉన్న తేమే నీరవుతుంది. అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో అమెరికాలో, బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు ఉండేది. ఉక్కకి కాగితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమని అదుపు చెయ్యడానికి విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు కట్టిన ఏర్పాటే ఇవాళ్టి ఏసీకి మూలం. మన డెల్టాలో చుట్టూ కాలవలు, చేలు, చెరువులు, అవతల సముద్రం. డబ్బాలోంచి తీసిన అప్పడం పూటలో మెత్తబడే ఊళ్ళివి. ఇక్కడ ఏసీ చాకిరీలో పెద్ద వాటా నీళ్ళు తోడడమే.

ఆ హాల్లోది పదకొండు టన్నుల డక్టబుల్ మిషను, అంటే సీలింగు పైన దాగి పెద్ద గొట్టాల గుండా హాలంతా గాలి పంపేది. టన్ను అంటే దాని బరువు కాదర్రా. రొయ్యల లారీలకి ఐసు ఎత్తుతారే, ఆ లెక్క. 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి లాక్కుంటుందో, అంత వేడి తోడేదాన్ని ఒక టన్ను మిషను అంటాం. వేడిని కొలిచే లెక్కలో గంటకి 12,000 బీటీయూ. పదకొండు టన్నులదైతే బాగా ఉక్కపోసే రోజున గంటకి ఒక బిందెడు నీళ్ళు తీస్తుంది. ఆ బిందె రోజంతా ఎటో పోవాలి కదా.

మర్నాడు హాలు ఓనరు పిలిస్తే వెళ్ళాను. మెయిన్ కట్టేయించి, నిచ్చెనెక్కి, సీలింగు పలక జరిపి టార్చి వేశాను. కాయిల్ కింద ట్రే నిండా నీళ్ళు, అడుగున జిగురు జిగురుగా నల్లటి పాచి. గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలవే. ఆ పాచి, ట్రేలో నీళ్ళు బయటికి పోయే పైపు మూతిలో దిగి కూర్చుంది. పైగా పైపు బయటికి వాలుగా ఉండాల్సింది పోయి నడుమ్మీద పైకి లేచింది. వాలు లేకపోతే నీళ్ళు శివారు చేలకెక్కవని మన ఊళ్ళో పాలేరుకి కూడా తెలుసు, పైపు వేసినవాడికే తెలియలేదు.

ఇంకో చిత్రం ఉంది, ఇది చిన్నాకి నచ్చుతుంది. అలాంటి మిషన్లో ఫ్యాను గాలిని కాయిల్ గుండా లోపలికి పీలుస్తుంది. ట్రే ఉన్న చోట పీల్పు ఉంటుంది కాబట్టి, పైపులోంచీ గాలి లోపలికి తన్నుకొస్తుంది. ఆ గాలి నీటిని కిందికి దిగనివ్వదు. స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీలుస్తున్నంతసేపూ అవి కిందికి జారవు కదా, అలాగే. అందుకే పైపుకి యూ బెండ్ పెడతాం. ఆ వంపులో నిలిచిన నీరు గాలికి అడ్డుపడుతుంది, పైనుంచొచ్చిన నీరు దాన్ని తోసుకుని బయటికి పోతుంది. అక్కడ ఆ వంపే లేదు. పాచి కడిగి, వాలు సరిచేసి, వంద రూపాయల్లో వంపు బిగించాం.

మామయ్య మాట మొత్తం తప్పని కూడా అనను. గ్యాస్ తగ్గినా కాయిల్ మీద ఐసు కడుతుంది, కరిగినప్పుడు ట్రే దాటి కారుతుంది. కానీ ఐసు కట్టిన ప్రతిచోటా గ్యాసే తగ్గిందనుకోకూడదు. ఇది నాకు మా మేస్త్రి దగ్గర పరువు పోగొట్టుకుంటే తెలిసింది.

రాజమండ్రి తాడితోటలో ఓ బట్టల కొట్టు. పని నేర్చుకుంటున్న రోజులు. కాయిలంతా తెల్లగా ఐసు. గేజీ పెడితే, ఆర్-22 అనే ఆ గ్యాస్‌కి ప్రెషరు 65, 70 పౌన్లు ఉండాల్సిన చోట 50 చూపిస్తోంది. ఇంకేముంది, సిలిండరు తిప్పేశాను. నిజానికి చీరల నూగంతా ఫిల్టరు మీద దుప్పటిలా అట్టకట్టి ఉంది. గాలి ఆడక కాయిల్ గడ్డకట్టింది. నేనెక్కించిన ఎక్కువ గ్యాస్ ఆవిరవడానికి వేడి లేక, ద్రవంగానే కంప్రెసర్లోకి పోయింది. ఆవిరైతే నొక్కితే నలుగుతుంది, ద్రవం నలగదు. వాల్వులు పటపటా విరిగాయి. మేస్త్రి వచ్చి ఏమీ అనలేదు. ఫిల్టరు లాగి నా చేతిలో పెట్టాడు. తడి గోనెసంచంత బరువుంది.

బయటి యూనిట్ సంగతి అట్టే చెప్పను. కానీ సముద్రం దగ్గర, అంతర్వేది వైపు, ఉప్పుగాలికి దాని అల్యూమినియం రెక్కలు ముట్టుకుంటే విభూతిలా రాలతాయి. రైసుమిల్లు పక్కనైతే తవుడు పట్టేస్తుంది. కరెంటు ఆపి మంచినీళ్ళతో మెల్లగా, లోపల్నుంచి బయటికి కడగాలి. కారు కడిగే ప్రెషరు గొట్టం పెడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

ఒక తుఫాను మర్నాడు ఓ హోటల్లో కంప్రెసరు లారీలా అరుస్తోంది, చల్లదనం సున్నా. అందరూ పాడైందన్నారు. తెగిన లైను అతికేటప్పుడు మూడు ఫేజుల కరెంటులో రెండు ఫేజులు తారుమారయ్యాయి, స్క్రోల్ రకం కంప్రెసరు వెనక్కి తిరుగుతోంది, అంతే. మెయిన్ కట్టేసి రెండు వైర్లు మార్చాను. ఇడ్లీలు తెప్పించేలోపు హాలు చల్లబడింది.

మీ గదిలో ఏసీ ఫిల్టరు ఈ ఆదివారం నాన్నచేత తీయించి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టించండి. స్విచ్ ఆపాకే సుమా. ఎంత మట్టి వచ్చిందో ఉత్తరం రాయండి.

నిన్న మామయ్యకి ఫోన్ చేసి పాచి సంగతీ యూ బెండ్ సంగతీ అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "సరేనండీ, పన్లో పని కాస్త గ్యాస్ కూడా కొట్టించెయ్యమనండి" అన్నాడు.

మీ తాతయ్య