ఎర్త్ కంటిన్యుటీ రీడింగులు: అపోహలు - వాస్తవాలు

ఇంట్లోని ఎర్త్ తీగ ఎక్కడా తెగకుండా, గట్టిగా కలిసి ఉందా అని చూసేదే ఎర్త్ కంటిన్యుటీ పరీక్ష. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వైరింగు పరీక్షకు వెళ్లినప్పుడు ఫ్లాటు యజమానులూ, కొందరు ఎలక్ట్రీషియన్లూ గట్టిగా నమ్మి చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మల్టీమీటరు బీప్‌మంటే ఎర్తింగ్ బాగున్నట్టే.
వాస్తవం: చాలా మల్టీమీటర్లలో బజర్ 30, 40 ఓమ్‌ల దాకా మోగుతూనే ఉంటుంది. ఒక్క పోగుతో అతుక్కుని ఉన్న తీగకూ అది మోగుతుంది. అందుకే మెయిన్ ఆపి, 200 మిల్లీ ఆంపియర్లు పంపే కంటిన్యుటీ టెస్టరుతో అంకె చూడాలి.

అపోహ: రీడింగు ఒక ఓమ్‌ లోపు ఉంటే చాలు.
వాస్తవం: అది గరిష్ఠ హద్దు మాత్రమే, మీ ఇంటికి రావలసిన అంకెను తీగ పొడవే చెబుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 7.4 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటుంది కాబట్టి, డీబీ (ఇంటి కరెంటు పంపిణీ పెట్టె) నుంచి 20 మీటర్ల దూరంలోని గీజర్ పాయింటు దగ్గర 0.15 ఓమ్‌ల ప్రాంతంలో రావాలి. టెస్టరు తీగల నిరోధాన్ని తీసేసిన తర్వాత కూడా 0.8 వస్తే, మిగిలిన 0.65 ఓమ్‌లు చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింటులోనో, సాకెట్ వెనుక వదులైన స్క్రూ దగ్గరో ఉన్నట్టే. గీజర్‌లో లోపం వచ్చి 100 ఆంపియర్లు పారితే ఆ ఒక్కచోటే 65 వోల్టులు పడతాయి. జాయింటు కాలిపోవచ్చు, గీజర్ ఒంటి మీద ప్రమాదకరమైన వోల్టేజీ నిలవవచ్చు. ఇలాంటి పాయింటును ‘పాస్’ చేయడం నా దృష్టిలో తప్పు.

అపోహ: సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తే రీడింగు బాగా వస్తుంది, పనీ అయిపోతుంది.
వాస్తవం: రీడింగు బాగానే కనిపించవచ్చు. కానీ న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఒళ్లకు నేరుగా కరెంటు చేరుతుంది. ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

అపోహ: కంటిన్యుటీ సరిపోతే ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను నేలతో కలిపే గుంత) కూడా సరిగ్గా ఉన్నట్టే.
వాస్తవం: ఈ పరీక్ష ఇంటిలోపలి తీగకే పరిమితం, పిట్‌ను ఎర్త్ టెస్టరుతో విడిగా కొలవాలి. మన నగరంలో చాలాచోట్ల కొద్ది లోతులోనే గ్రానైట్ రాయి తగులుతుంది, పైమట్టి వేసవిలో ఎండిపోతుంది. లోపపు కరెంటుకు పిట్ ఒక్కటే దారి అయి, దాని నిరోధం 5 ఓమ్‌లు ఉంటే 230 వోల్టుల దగ్గర 46 ఆంపియర్లకు మించి పారవు. 16 ఆంపియర్ల సీ-టైపు ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్) తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. కాబట్టి అలాంటి ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. దాని టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి చూడాలి.