బ్లూర్ వీధి సైకిల్ లేన్లు: 2016లో ఏం జరిగింది?

టొరంటోలోని బ్లూర్, యోంగ్ వీధుల్లోనూ యూనివర్సిటీ అవెన్యూలోనూ ఉన్న సైకిల్ లేన్ల తొలగింపు మళ్లీ వివాదమైంది. తొలగింపు కోసం కెనడాలోని అంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో చట్టం చేసింది. ఆ తొలగింపు రాజ్యాంగ విరుద్ధమని 2025 జూలై 30న సుపీరియర్ కోర్టు తీర్పు చెప్పగా, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. రద్దీ తగ్గించి వాహనదారుల సమయం ఆదా చేయడమే తన ఉద్దేశమని ప్రభుత్వం అంటోంది. ఆ వీధిలో బతికేవాళ్లు, వ్యాపారం చేసేవాళ్లు ఏమనుకున్నారో తెలియాలంటే మాత్రం 2016 వేసవికి వెళ్లాలి.

ఆ ఏడాది మే నెలలో నగర పాలక మండలి 38–3 ఓట్లతో ఒక ప్రయోగానికి ఒప్పుకుంది. ఎవెన్యూ రోడ్డు నుంచి షా వీధి వరకు 2.4 కిలోమీటర్ల మేర బ్లూర్ వీధిలో కార్లకు ఉన్న చోటు కొంత తీసి సైకిళ్లకు ఇచ్చారు. లేన్లు వేసి వదిలేయకుండా ఫలితాన్ని కొలిచి చూశాకే వాటిని ఉంచాలా తీయాలా అన్నది నిర్ణయించాలన్నారు. ఆ వీధిలోని బ్లూర్ యానెక్స్, కొరియా టౌన్ ప్రాంతాల వర్తక సంఘాలు సొంత సొమ్ము కూడా వేసి తమ వ్యాపారం మీద పడే ప్రభావంపై అధ్యయనానికి తోడ్పడ్డాయి. కారు ఆపే చోటు పోతే గిరాకీ పోతుందన్నది ఏ ఊరి దుకాణదారుకైనా ఉండే భయమే. కానీ యానెక్స్ ప్రాంతానికి కారులో వచ్చే కొనుగోలుదారులు 10 శాతమేనని 2009లోనే ఒక సర్వేలో తేలింది. కొత్త అధ్యయనంలోనూ, నడిచో సైకిల్ మీదో వచ్చేవాళ్లు కారులో వచ్చేవాళ్ల కంటే తరచుగా వస్తారని, నెల మొత్తం మీద ఎక్కువ ఖర్చు పెడతారని వెల్లడైంది. 2017 నవంబరులో మండలి 36–6 ఓట్లతో ఆ లేన్లను శాశ్వతం చేసింది. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది ఇక్కడే.

అంతకు ముందు నడిచిన పద్ధతి వేరు. 2010లో జార్విస్ వీధిలో వేసిన లేన్లను మేయర్ రాబ్ ఫోర్డ్ హయాంలో 2012 నవంబరులో చెరిపేశారు. రంగు గీతలు గీకేసే బండికి అడ్డంగా కొందరు సైక్లిస్టులు రోడ్డు మీదే పడుకున్నారు. రాబ్ ఫోర్డ్ అన్నగారే ఈనాటి అంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డగ్ ఫోర్డ్. ఆనాటి మండలిలో ఆయన సభ్యుడు కూడా.

కోవిడ్ కాలంలో బ్లూర్ లేన్లు తూర్పుకూ, తర్వాత పడమరన కింగ్స్‌వే వైపుకూ సాగాయి. సొంత కార్ల మీద ఎక్కువగా ఆధారపడే ఆ పడమటి పేటల్లో అసంతృప్తి పెరిగింది. ట్రాఫిక్ ఆగిపోతోందని, అత్యవసర వాహనాలకు దారి దొరకడం లేదని అక్కడివారు ఫిర్యాదు చేశారు. 2024 చట్టానికి ఊపు వచ్చింది ఈ అసంతృప్తి నుంచే. బిల్లు చర్చలో ఉండగానే, లేన్లు తీశాక ఎవరైనా గాయపడినా మరణించినా ప్రభుత్వం మీద దావా వేయకుండా దానికి సవరణ తెచ్చారు. ప్రమాదం ఉందని ముందే తెలియకపోతే అలాంటి రక్షణ ఎందుకు కావాల్సి వచ్చిందో ఇంతవరకూ ఎవరూ సరిగా చెప్పలేదు.

ఆ ప్రమాదం ఎలాంటిదో బ్లూర్ వీధి అప్పటికే చూసింది. 2024 జూలైలో ఎవెన్యూ రోడ్డు దగ్గర నిర్మాణ చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టి సైకిల్ లేన్‌కు అడ్డంగా ఉంది. దాన్ని తప్పించుకోవడానికి వాహనాల మధ్యలోకి మళ్లిన 24 ఏళ్ల యువతి ట్రక్కు కింద పడి మరణించింది. కోర్టుకెక్కిన వారిలో ఆ వీధుల మీద సైకిల్ తొక్కే విశ్వవిద్యాలయ విద్యార్థిని, సైకిల్ కొరియర్ ఉన్నారు. అదే నగరంలో భుజాన భోజనాల సంచి వేసుకుని డెలివరీలు చేసే మన తెలుగు విద్యార్థులకూ ఇది సొంత గొడవే. సైకిల్ లేన్ పొందడం హక్కు అని జడ్జి అనలేదు. లేన్లు తీస్తే రద్దీ తగ్గుతుందన్న ఆధారం లేదని, ప్రమాదాలు పెరుగుతాయని ప్రభుత్వ సలహాదారులే చెప్పారని, అలాంటప్పుడు తొలగించడం కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రం (చార్టర్) 7వ సెక్షన్ ఇచ్చే ప్రాణరక్షణకు విరుద్ధమని అన్నారు.

2025 నవంబరులో ప్రభుత్వం మరో చట్టం ఆమోదించుకుంది. కార్ల వరుస తగ్గించి సైకిల్ లేన్ వేసే అధికారం దాని ప్రకారం నగరాలకు ఉండదు. బ్లూర్ వీధి 2016లో చేసి చూసినట్టు మరో వీధి ఇక చేసి చూసే వీలు లేదు.