రాకపోకలు ఆపితే రోగం ఎంత ఆగింది?

1918 నవంబరు 7న న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నుంచి వచ్చిన తలూన్ అనే ఓడ పసిఫిక్ దీవులైన పశ్చిమ సమోవాలోని అపియా రేవుకు చేరింది. ఓడలో ఇన్‌ఫ్లుయెంజా సోకినవాళ్లున్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు, ప్రయాణికులు దిగి ఊళ్లలోకి వెళ్లిపోయారు. కొన్ని వారాల్లోనే ఆ దీవుల జనాభాలో సుమారు ఐదో వంతు మంది చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ మాత్రం బయటి ఓడలకు క్వారంటైన్ పెట్టాడు, తీరం వెంబడి కాపలా ఉంచాడు. అక్కడ ఆ జబ్బుతో ఒక్కరు కూడా పోలేదు.

రాకపోకలు ఆపితే అంటువ్యాధి ఆగుతుందా అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ రెండు సమోవాలే. ఒకే జాతి, ఒకే భాష, ఒకే సముద్రం. తేడా అల్లా క్వారంటైన్. ఇంత తేటగా పోల్చి చూసే అవకాశం శాస్త్రవేత్తలకు చాలా అరుదుగా దొరుకుతుంది.

మామూలుగా జరిగేది వేరు. ఒక నగరాన్ని మూసేస్తారు, రెండు మూడు వారాలకు కేసులు తగ్గుతాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే పండు రాలిందా? ఆ మాట చెప్పాలంటే, మూసేయకపోయుంటే ఏమయ్యేదో తెలియాలి. అదేమో ఎవరూ చూడనిది. ఈ కొలతలో ఉన్న కష్టమంతా జరగని ఆ కథను నమ్మదగినట్టుగా ఊహించడంలోనే ఉంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక నగరంలో రోగం పాకుతోంది, కేసులు 3 రోజులకోసారి రెట్టింపవుతున్నాయి. దూరంగా ఉన్న ఇంకో నగరానికి ఇంకా రోగం చేరలేదు. రెండింటి మధ్య ప్రయాణాలను సగానికి తగ్గించాం. అంటే రోగంతో వచ్చేవాళ్లూ సగమయ్యారు. కానీ 3 రోజులు గడిచేసరికి మొదటి నగరంలో రోగులు రెట్టింపయ్యారు కాబట్టి వచ్చే రోగుల సంఖ్య మళ్లీ మొదటికే వచ్చింది. అంత పెద్ద ఆంక్షకు మనకు దక్కింది 3 రోజులు! సరే, 90 శాతం తగ్గించాం అనుకుందాం. పదో వంతుకు పడిన సంఖ్య మళ్లీ పాత స్థాయికి రావడానికి మూడు రెట్టింపులు దాటితే చాలు, అంటే సుమారు 10 రోజులు. 99 శాతం ఆపినా 20 రోజుల వాయిదాయే. రోగం చక్రవడ్డీలా పెరుగుతుంటే ప్రయాణాల్లో ఎంత కోత పెట్టినా ఆ వడ్డీ మింగేస్తుంది.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ‘రోగం ఆగిందా’ అని కాకుండా ‘ఎన్ని రోజులు వెనక్కి జరిగింది’ అని అడుగుతారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మెక్సికోకు అంతర్జాతీయ ప్రయాణాలు 40 శాతం దాకా పడిపోయాయి. దానివల్ల మిగతా దేశాలకు రోగం చేరడం సగటున 3 రోజులు కూడా ఆలస్యం కాలేదని తర్వాత లెక్క తేలింది. 2020 జనవరి 23న కోటి మందికి పైగా జనం ఉన్న వూహాన్‌ను మూసేశారు. చైనాలోని మిగతా ప్రాంతాల్లో వ్యాప్తి దానివల్ల 3 నుంచి 5 రోజులే వెనక్కి వెళ్లిందని అదే ఏడాది ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. చైనా కొత్త సంవత్సరం పండక్కి అప్పటికే 50 లక్షల మంది ఊరు దాటారని ఆ నగర మేయరే చెప్పాడు. వాళ్లతోపాటు వైరస్ కూడా ప్రయాణం కట్టింది. ఇతర దేశాలకు చేరిన కేసులు మాత్రం ఫిబ్రవరి మధ్య దాకా 80 శాతం వరకు తగ్గాయని అదే అధ్యయనం చెప్పింది. ఒకే ఆంక్షకు ఒకచోట చిన్న ఫలితం, మరోచోట పెద్ద ఫలితం. ‘లాక్‌డౌన్ పనిచేసింది’, ‘పనిచేయలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే మాటలు వింటే నాకు బాధగా ఉంటుంది. ఎక్కడ, దేన్ని కొలిచారో చెప్పకుండా ఆ మాటకు అర్థమే లేదు.

ఆ వాయిదాను పెంచే మార్గం ఒకటుంది. ఊళ్లోనే మనిషి నుంచి మనిషికి సోకడం తగ్గి, కేసులు 3 రోజులకు బదులు 6 రోజులకు రెట్టింపయితే, అదే 90 శాతం కోత 20 రోజులు కొనిపెడుతుంది. వూహాన్ అధ్యయనంలో తేలిందీ దాదాపు ఇదే: సమాజంలో వ్యాప్తి కనీసం సగానికి తగ్గితే తప్ప 90 శాతం ప్రయాణ ఆంక్షలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఇక ఊరి లోపలి సంగతి. ఇక్కడ కొలిచేది ఆర్ విలువ, అంటే ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తున్నాడన్నది. అది 1 కన్నా కిందికి దిగితే రోగం తగ్గుముఖం పడుతుంది. కానీ దాన్ని నేరుగా చూడలేం, కేసులను బట్టి, మరణాలను బట్టి వెనక్కి లెక్కకట్టాలి. కోవిడ్ తొలి రోజుల్లో వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున 5 రోజులు పట్టేది, ఆ తర్వాత టెస్టు, రిజల్టు. మరణం దాకా వెళ్లిన కేసుల్లో సుమారు మూడు వారాలు. ఈవేళ్టి మరణాల సంఖ్య మూడు వారాల కిందటి మన నడవడిక గురించి చెబుతుందన్నమాట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఈ లెక్కలెప్పుడూ ఆలస్యంగానే అందుతాయి. ఆంక్ష పెట్టిన వారానికి ‘ఇంకా పెరుగుతూనే ఉన్నాయేంటి’ అని జనం టెన్షన్ పడతారు. అప్పుడు కనిపిస్తున్నవి ఆంక్షకు ముందు సోకిన కేసులు.

ఇంతకన్నా పెద్ద చిక్కు భయం. ప్రభుత్వం ఆర్డరు ఇవ్వకపోయినా మరణాల వార్తలు విన్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. ఆర్డరు, భయం దాదాపు ఒకేసారి వస్తాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు గూల్స్‌బీ, సివర్సన్ దీనికో చక్కని దారి వెతికారు. ఒకే వ్యాపార ప్రాంతంలో ఉంటూ మధ్యలో పాలనా సరిహద్దు ఉన్న చోట్లను ఎంచుకున్నారు. గీతకు ఇటువైపు ఆంక్ష ఉంది, అటువైపు లేదు. జనం వాళ్లే, వింటున్న వార్తలూ అవే. సెల్‌ఫోన్ డేటాతో చూస్తే 2020 వసంతంలో అమెరికాలో దుకాణాలకు, వ్యాపారాలకు వచ్చేవాళ్లు 60 శాతం పడిపోయారు. ఆ 60 పాయింట్లలో ఆంక్షలవల్ల పడింది 7 పాయింట్లు మాత్రమే. పైగా ఆర్డర్లు రాకముందే ఆ తగ్గుదల మొదలైంది. అలాగని ఆంక్షలు దండగ అనేయడం తప్పని నా ఉద్దేశం. ఇల్లు కదలకుండా ఉండాలని ఉన్నా, పనికి రమ్మంటే వెళ్లక తప్పనివాళ్లు ఎందరో. వాళ్లకు ఆర్డరే అండ.

భయం లేని ఆంక్ష కోసం వెతికినవాళ్లూ ఉన్నారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో విమానాలు ఆగాయి, తర్వాత కొన్ని నెలలు ప్రయాణాలు తగ్గాయి. దానికి కారణం రోగం కాదు. ఆ ఏడాది అక్కడ ఫ్లూ 13 రోజులు ఆలస్యంగా పతాక స్థాయికి చేరిందని, అలాంటి ఆంక్ష లేని ఫ్రాన్స్‌లో ఆలస్యమే లేదని 2006లో ఒక పరిశోధన వచ్చింది. ఫ్లూ ఏటా రకం మారుస్తుంది, ఒక్క సీజన్‌తో ఎలా చెబుతారని తోటి శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

సెల్‌ఫోన్ కదలికలు ఈ రంగానికి వరమే. కానీ వైరస్ టవర్లను చూసి పాకదు. ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్లు ఒంటరిగా కారు నడిపితే డేటాలో అది పెద్ద కదలిక. కిటికీలు మూసిన గదిలో పదిమంది గంటసేపు మాట్లాడుకుంటే అసలు కదలికే కాదు. అందుకే బ్రిటన్ పరిశోధకులు 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలైన వెంటనే పాత పద్ధతికే వెళ్లారు. వెయ్యిమందికి పైగా పెద్దవాళ్లను ‘నిన్న ఎవరెవరితో ఎదురుగా మాట్లాడారు, ఎవరిని తాకారు’ అని అడిగి రాయించుకున్నారు. అంతకు సుమారు 15 ఏళ్ల ముందు జరిగిన ఇలాంటి సర్వేలో రోజుకు సగటున 10.8 మందిని కలిసేవాళ్లు. లాక్‌డౌన్‌లో అది 2.8కి దిగింది. కేసుల లెక్కల కోసం వారాలు ఎదురుచూడకుండానే, ఆర్ విలువ 2.6 నుంచి 0.62కి పడి ఉంటుందని ఆ జాబితాల్ని బట్టే అంచనా కట్టారు.