ఒంటరితనం ధ్యాసను ఎటు లాగుతుంది?

కడపలో ఏడురోడ్ల కూడలిని నడిచి దాటే మనిషి కళ్లు ఒకవైపే చూస్తున్నా ధ్యాస మాత్రం ఒక్క చోట నిలబడదు. ఎదురుగా వచ్చే ఆటోను చూస్తూనే కుడిపక్క నుంచి దూసుకొచ్చే బైకును పసిగడతాడు, వెనక మోగిన బస్సు హారన్ ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకుంటాడు, రోడ్డు వారన కదలకుండా ఉన్న తోపుడు బండిని లెక్కలోకే తీసుకోడు. చుట్టూ ఉన్న స్థలంలో ఏ చోటుకు ప్రాధాన్యం ఇవ్వాలో, ఏ చోటును వదిలేయాలో మెదడు క్షణక్షణం తేల్చుకునే ఈ పనిని ప్రాదేశిక అవధానం అంటారు. నెలల తరబడి తోటి మనుషుల పొత్తు లేకుండా గడిపిన వారిలో ఈ పని ఎలా మారుతుంది? ఒంటరితనం వల్ల ధ్యాస తగ్గిపోతుందని మామూలుగా అనుకుంటాం. పరిశోధనలను దగ్గర పెట్టుకొని చూస్తే మారేది ముఖ్యంగా దాని పంపకమని అర్థమవుతుంది. కొన్ని చోట్లకు అవసరానికి మించి ధ్యాస పోతుంది, మిగతా చోట్లకు దక్కవలసింది దక్కదు.

ఉమ్మడి కడప జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఎన్నో ఏళ్లుగా వేలాది మంది కువైట్‌కు వలస పోతున్నారు. ఆడవాళ్లలో చాలామంది ఇళ్లలో పనికి కుదురుతారు. మగవాళ్లు డ్రైవర్లుగానో కూలీలుగానో చేరతారు, కొందరు ఎడారిలో గొర్రెలు, ఒంటెలు మేపే పనికి పోతారు. మంద దగ్గర గుడారంలో ఒక్కడే ఉండే మనిషికి కనుచూపు మేరా ఒకే రంగు ఇసుక తప్ప మరొకటి కనబడదు. నీళ్లు, గ్రాసం తెచ్చే బండి వచ్చిన రోజున మాత్రమే ఇంకొక ముఖం కనబడుతుంది. ఇక్కడ ఊళ్లో ఆ మనిషి తల్లి, పిల్లలను హాస్టల్లో చేర్చిన తర్వాత, కువైట్ డబ్బుతో కట్టిన ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. కింద చెప్పబోయే ప్రయోగాలేవీ వీళ్ల మీద చేసినవి కావు. అయితే అవి బయటపెట్టిన మెదడు పనితీరు వీళ్లకూ మనకూ ఒకటే.

కళ్లు కదపకుండానే ధ్యాసను పక్కకు మళ్లించవచ్చని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. దాన్ని కొలిచే పద్ధతిని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మైఖేల్ పోస్నర్ 1980లో ప్రచురించిన పరిశోధనతో స్థిరపరిచాడు. తెర మధ్యలో ఉన్న గుర్తు మీద చూపు నిలిపి కూర్చోవాలి. ఎడమకో కుడికో ఒక బాణం గుర్తు వస్తుంది, ఆ వెంటనే ఏదో ఒక పక్కన చిన్న వెలుగు కనబడుతుంది, కనబడగానే మీట నొక్కాలి. బాణం 80 శాతం సార్లు నిజం చెబుతుంది, మిగిలిన సార్లు మోసం చేస్తుంది. నిజం చెప్పినప్పుడు చెయ్యి త్వరగా కదులుతుంది, మోసం చేసినప్పుడు ఆలస్యమవుతుంది. ఈ తేడా సెకనులో కొన్ని వందో వంతులే. ధ్యాస ముందుగా ఒక చోటికి చేరడానికి, అది తప్పు చోటని తెలిశాక అక్కడి నుంచి ఊడిపడి మరో చోటికి పోవడానికి పట్టే కాలం ఆ తేడాలోనే దాగి ఉంటుంది. ఒంటరితనం ఈ రెండింటిలో ఎక్కువగా దెబ్బతీసేది రెండోదాన్ని, అంటే పట్టుకున్న చోటును వదిలిపెట్టడాన్ని, అని నాకు తోస్తుంది. కారణం ముందుకు పోయే కొద్దీ తెలుస్తుంది.

మెదడులో ఈ పనికి రెండు వ్యవస్థలు ఉన్నాయని కార్బెట్టా, షుల్మన్ 2002లో ప్రతిపాదించారు. ఒకటి మనం కావాలని ధ్యాసను ఒక చోటికి పంపినప్పుడు పనిచేస్తుంది. రెండోది, ప్రధానంగా కుడి అర్ధగోళంలో ఉండేది, అనుకోనిది ఎదురైనప్పుడు చేస్తున్న పని నుంచి మనల్ని లాగేస్తుంది. మెదడు కుడివైపున పై వెనక భాగమైన పెరైటల్ భాగంలో పక్షవాతపు దెబ్బ తగిలిన కొందరు రోగులు కంచంలో కుడి సగం సంగటి మాత్రమే తిని, ఎడమ సగాన్ని ముట్టకుండా లేస్తారు. వాళ్లకు కన్ను బాగానే పనిచేస్తుంది, ఎడమవైపు అనే చోటుకే మెదడులో హాజరు పడదు. స్థలం మీద ధ్యాస చూపుకంటే వేరైనదని ఇంతకన్నా స్పష్టంగా చూపేది లేదు.

ఈ రెండు వ్యవస్థల మధ్య పెత్తనం చేసేది నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. పద్యం అల్లుతూనే వీపు మీద పడే పూలను లెక్కపెట్టే అవధానిని ప్రొద్దుటూరు సభల్లో చూసినవారికి, సాధన చేస్తే ఈ పెత్తనం ఎంత దూరం పోగలదో వేరే చెప్పనక్కర లేదు. ఒత్తిడి మొదట కొట్టేది దీన్నే. బెదురు కలిగిన క్షణాల్లోనే మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం మెదడును అప్రమత్తం చేసే నార్ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని వెదజల్లుతుంది. హైపోథలామస్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథుల వరుస ద్వారా విడుదలయ్యే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ నిదానంగా పెరిగి, సుమారు 20 నుంచి 30 నిమిషాలకు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. నార్ఎడ్రినలిన్ ఒక మోతాదు వరకు ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు బలాన్నిస్తుందని, మితిమీరితే ఆ కణాల మధ్య సంధానాన్నే సడలిస్తుందని, అప్పుడు పగ్గాలు అమిగ్డలా వంటి భావోద్వేగ కేంద్రాల చేతికి పోతాయని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఆర్న్‌స్టెన్ పరిశోధనలు వివరించాయి. అంతకు చాలా ముందే, 1959లో, ఈస్టర్‌బ్రూక్ అనే పరిశోధకుడు ఉద్రేకం పెరిగే కొద్దీ మనిషి వాడుకునే సూచనల పరిధి కుంచించుకుపోతుందని అప్పటివరకు వచ్చిన ప్రయోగాలను క్రోడీకరించి చెప్పాడు. నడిమధ్యలో ఉన్నది మరింత స్పష్టమవుతుంది, అంచుల్లో ఉన్నది జారిపోతుంది.

పాము ఎదురైనప్పుడు ఈ కుంచింపు ప్రాణం కాపాడుతుంది. అయితే ఒంటరితనం పాములా వచ్చి పోయేది కాదు, దాన్ని ఒత్తిడిగా లెక్కించవచ్చా అన్న సందేహం సహజమే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లివియా టోమోవా, రెబెకా సాక్స్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగం దీనికి కొంత జవాబు ఇచ్చింది. 40 మందిని ఒక రోజు 10 గంటలు ఫోన్, పలకరింపు ఏవీ లేకుండా ఒంటరిగా ఉంచారు, మరో రోజు అంతే సేపు పస్తు పెట్టారు. ఆ తర్వాత, పస్తున్న రోజు తిండి బొమ్మలకు మధ్య మెదడులోని ఒక భాగం ఎలా స్పందించిందో, ఒంటరిగా ఉన్న రోజు మనుషులు కలిసిమెలిసి ఉన్న బొమ్మలకు అదే భాగం అలాగే స్పందించింది. ఒంటరితనం ఆకలి వంటి శరీర సంకేతమని షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కాసియొప్పో (1951–2018) ఏళ్ల తరబడి వాదించిన మాటకు ఇది బలం చేకూర్చింది.

కాసియొప్పో వాదంలో ఇంకొక సగం ఉంది, మన విషయానికి అదే ముఖ్యం. గుంపుకు దూరమైన జంతువుకు కాపలా కాసేవాళ్లు ఉండరు కాబట్టి, దాని మెదడు తనకు తెలియకుండానే నిత్య జాగరూకతలోకి జారుకుంటుంది. 2009లో ఆయన బృందం చేసిన మెదడు స్కాన్ల అధ్యయనంలో, ఒంటరితనం ఎక్కువగా అనుభవించేవారి దృశ్య కార్టెక్స్ (కంటికి కనబడేదాన్ని గ్రహించే మెదడు భాగం), అప్రియమైన వస్తువుల బొమ్మల కంటే మనుషులు బాధలో, కలహంలో ఉన్న బొమ్మలకు ఎక్కువగా స్పందించింది. కంటి కదలికలను నమోదు చేసిన మరో అధ్యయనంలో, ఒంటరితనం బాగా ఎక్కువగా ఉన్న యువత వీడియోలోని సమూహంలో ఎవరినో వెలివేస్తున్న దృశ్యం వైపు మొదటి క్షణాల్లోనే చూపు తిప్పింది. మనుషుల కోసం అలమటించే మెదడు మనుషుల నుంచి రాగల అవమానాన్నే ముందుగా వెతకడం విచిత్రంగా తోచవచ్చు. కానీ ఆకలిగొన్నవాడు తిండిని వెతుకుతూనే, దాన్ని ఎవరు లాక్కుపోతారోనని కూడా చూస్తాడు.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఈ అధ్యయనాలు కొలిచింది ఒంటరిననే అనుభూతిని, చుట్టూ ఉన్న మనుషుల సంఖ్యను కాదు. కువైట్‌లో పదిమంది ఉన్న ఇంట్లో పనిచేస్తూ తన భాషలో ఒక్క మాటైనా మాట్లాడే దిక్కులేని స్త్రీ ఈ కొలతలో పూర్తిగా ఒంటరి కావచ్చు, రాయచోటి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటూ సాయంత్రానికి అరుగు మీద నలుగురితో కూర్చునే జేజి (నాయనమ్మ) కాకపోవచ్చు. అరుగు మీదికి ఎవరూ రాని జేజి సంగతి వేరు. వంటింట్లో కూర్చున్నా ఆమె చెవులు వీధి గేటు దగ్గరే ఉంటాయి. గొళ్లెం కదిలితే తల ఎత్తుతుంది, ఆటో ఆగితే లేస్తుంది, ఎవరూ లేరని తెలిశాక కూడా ఆ ద్వారం మీద నుంచి ధ్యాస వెంటనే తిరిగి రాదు, ఈలోగా పక్కనే పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారతాయి. దీన్ని మతిమరుపు అనేస్తాం. పోస్నర్ పరీక్ష దృష్టితో చూస్తే మోసపు బాణం వెంట పోయిన ధ్యాస ఊడి రావడంలో జరిగిన ఆలస్యంలాగే ఇది కనబడుతుంది. దూరం నుంచి చేసిన ఈ పోలికను రోగనిర్ధారణగా తీసుకోకూడదు.

దీర్ఘకాలపు ఏకాంతం స్థలజ్ఞానాన్ని ఏం చేస్తుందో తెలిపిన అతి ముఖ్యమైన అధ్యయనం అంటార్కిటికా నుంచి వచ్చింది. అక్కడ జర్మనీకి నాయ్‌మాయర్-3 అనే పరిశోధన కేంద్రం ఉంది. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది, వారాల తరబడి సూర్యుడు కనబడడు, బయటినుంచి ఎవరూ రాలేరు. అక్కడ 14 నెలలు గడిపిన 9 మందిని అలెగ్జాండర్ స్టాన్ బృందం యాత్రకు ముందు, తర్వాత పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. మెదడు లోపల ఉండే హిప్పోకాంపస్ అనే నిర్మాణంలో డెంటేట్ గైరస్ అనే భాగం పరిమాణం, అక్కడికి వెళ్లనివారితో పోలిస్తే, సగటున దాదాపు 7 శాతం తగ్గింది. నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ రక్తంలో యాత్ర తొలి నెలల్లోనే పడిపోయింది. ఆ భాగం ఎవరిలో ఎక్కువ కుంచించుకుపోయిందో, స్థల సంబంధమైన పరీక్షల్లోను, అనవసరమైనదాన్ని పట్టించుకోకుండా ఉండే పరీక్షల్లోను వాళ్లే వెనకబడ్డారు.

హిప్పోకాంపస్‌ను సాధారణంగా జ్ఞాపకాల ఖాతాలో వేస్తారు కాబట్టి, దానికి ధ్యాసతో ఏమి సంబంధమని అడగవచ్చు. ఒకే అమరికలో ఉన్న అక్షరాల గుంపులో ఒక అక్షరాన్ని మళ్లీ మళ్లీ వెతకమంటే, ఆ అమరిక ఇంతకుముందు చూసిందేనని మనకు తెలియకపోయినా క్రమంగా త్వరగా కనుక్కుంటాం అని చున్, జియాంగ్ 1998లో చూపారు. హిప్పోకాంపస్, దాని పరిసరాలు దెబ్బతిన్న రోగులకు ఈ లాభం కలగదని చున్, ఫెల్ప్స్ మరుసటి ఏడాది తేల్చారు. అంటే ఎక్కడ చూడాలో ముందుగా చెప్పేది పాత పరిచయమే. మన వంటింట్లో ఉప్పు డబ్బా కోసం కళ్లు వెతుకులాడకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ హిప్పోకాంపస్‌లో ఒత్తిడి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు దండిగా ఉన్నాయని బ్రూస్ మెక్‌యువెన్ 1968లోనే ఎలుకల్లో కనుగొన్నాడు.

అయితే అంటార్కిటికా ఫలితాన్ని ఒంటరితనం ఒక్కదానికే అంటగట్టడం సరికాదు. పరీక్షించింది తొమ్మిది మందినే. వాళ్లు ఒకరికొకరు తోడుగానే ఉన్నారు. మంచు, చీకటి, కదలిక లేని దినచర్య, ఎటు చూసినా ఒకే తెలుపు, వీటిలో దేని వాటా ఎంతో విడదీయలేం. ఎడారి గుడారానికి ఈ అధ్యయనం దగ్గరగా కనబడటానికి కారణం కూడా ఆ ఏకరూపతే. కొత్త మలుపు, కొత్త వాసన, కొత్త ముఖం లేని చోట హిప్పోకాంపస్‌కు పని తగ్గుతుంది. ఎలుకలను విడిగా పెంచిన ప్రయోగాల్లో ఈ చిక్కు కొంత తక్కువ. పెద్ద చప్పుడుకు ముందు సన్నని చప్పుడు వినిపిస్తే మామూలు ఎలుక అంతగా ఉలికిపడదు, పాలు మానిన నాటి నుంచి ఒంటరిగా పెరిగిన ఎలుకలో ఈ నిగ్రహం బలహీనపడుతుంది. అనవసరపు సమాచారాన్ని వడపోసే శక్తి తగ్గిందనడానికి దీన్ని గుర్తుగా తీసుకుంటారు.

తిరిగి కోలుకోవడం గురించి ఉన్న సాక్ష్యం పెద్దల విషయంలో ఆశాజనకంగానే ఉంది. కాన్‌ర్ లిస్టన్, మెక్‌యువెన్, కేసీ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కీలకమైన పరీక్షకు నెల రోజులుగా చదువుతూ ఒత్తిడిలో ఉన్న వైద్య విద్యార్థులకు ధ్యాసను ఒకదాని నుంచి మరొకదానికి మళ్లించడం కష్టమైంది, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సంధానాలు సడలినట్టు స్కాన్లలో కనబడింది. ఒత్తిడి తగ్గిన నెలకు రెండూ మామూలయ్యాయి. అది పరీక్షల ఒత్తిడి, వలస ఒంటరితనం కాదు. అయినా దెబ్బతిన్న చోటు అదే కాబట్టి, కువైట్ నుంచి వచ్చిన మనిషి మొదటి వారంలోనే బండి తీసుకొని రద్దీలోకి పోకపోవడం మేలని నా అభిప్రాయం.

చిన్న వయసులో లెక్క మారుతుంది. మకినొదాన్, కోర్ఫాస్ బృందం 2012లో చూపినట్టు, పాలు మానిన వెంటనే రెండు వారాలు విడిగా ఉంచిన చిట్టెలుకల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో నాడీ తంతువులను తొడుగులా కప్పే మైలిన్ పొర పలచగా ఏర్పడింది, తర్వాత తోటివాటితో కలిపినా అది సరికాలేదు. ఆ రెండు వారాలు దాటాక ఒంటరిగా ఉంచితే అంత నష్టం కలగలేదు. దీన్ని చదివి తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలందరి గురించి బెంగపడనక్కరలేదు. జేజి దగ్గర, ఈడు పిల్లల మధ్య, బడిలో పెరిగే పిల్లలు ఆ పంజరంలోని చిట్టెలుకలు కారు. పిల్లలను హాస్టల్లో చేర్చిన తర్వాత ఆ ఇంట్లో మాట్లాడే మనిషి లేకుండా మిగిలేది జేజి. ఈ పరీక్షలు మన దగ్గర చేయాలనుకుంటే ఆమె దగ్గరే మొదలుపెట్టాలి.