తెర చూపించలేని పిక్సెళ్లు గీయించడం దేనికి?

ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. అంతకు మించి ఒక్కటి కూడా చూపించలేదు. అలాంటి మానిటర్ ముందు కూర్చుని గేమ్‌ని 3840×2160లో, అంటే 4కేలో, 82,94,400 పిక్సెళ్లతో గీయించి, దాన్ని మళ్లీ కుదించి అదే తెరమీద చూసేవాళ్లున్నారు. సెకనుకి 60 ఫ్రేముల లెక్కన దాదాపు 50 కోట్ల పిక్సెళ్లు. పైకి చూస్తే గ్రాఫిక్స్ కార్డు చేత వెట్టిచాకిరీ చేయించడమే, నాలుగింట మూడు వంతుల పని వృథాయే కదా అనిపిస్తుంది. వృథా కాదు, ఎందుకో చూద్దాం.

పిక్సెల్‌కి రంగు వేసేటప్పుడు ఆ చిన్న గడిలో ఏమేం ఉన్నాయో కార్డు మొత్తం చూస్తుందని చాలామంది అనుకుంటారు. చూడదు. గడి నడిమధ్యన ఒక్క బిందువు దగ్గర ఏముందో చూసి, ఆ రంగే గడి అంతటికీ పూసేస్తుంది. గేమ్‌లో రోడ్డు పక్కన కరెంటు తీగ ఉందనుకోండి. దగ్గరగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. దూరం పోయేకొద్దీ సన్నబడి పిక్సెల్‌లో సగానికో మూడో వంతుకో వచ్చిందంటే మాత్రం, కొన్ని గడుల్లో ఆ బిందువు సరిగ్గా తీగ మీద పడుతుంది, గడి మొత్తం నల్లబడుతుంది. పక్క గడిలో తీగ బిందువుకి వెంట్రుకవాసి పైనుంచి పోతుంది, అక్కడ తీగ ఆనవాలే ఉండదు, ఉత్త ఆకాశం. అలా తీగ తునకలు తునకలైపోతుంది. నిలబడి చూస్తే ఇంతే, నాలుగడుగులు నడిస్తే ఏ గడిలో తగులుతుందో ఏ గడిలో తప్పుతుందో ఫ్రేము ఫ్రేముకీ మారిపోయి, ఆ తునకలు పాకుతూ మిణుకుమిణుకుమంటుంటాయి. కంచెలు, జాలీలు, దూరపు చెట్ల ఆకులు అన్నిటిదీ ఇదే కథ. గోడల అంచులు మెట్లు మెట్లుగా కనబడటానికీ కారణం ఇదే.

వీధిలో ఒక్క ఓటర్ని అడిగి, వీధంతా ఫలానా పార్టీకే అని రాసుకోవడం లాంటిది ఇది. 4కేలో గీయిస్తే మానిటర్‌లోని ఒక్కో పిక్సెల్‌కీ నలుగుర్ని అడిగినట్టు. నలుగురిలో ఒక్కరు తీగ అంటే, పావు వంతు తీగ, ముప్పావు ఆకాశం కలిసిన రంగు వస్తుంది. తీగ లేతగా ఉంటుంది, కానీ తెగకుండా ఉంటుంది. దీన్నే సూపర్‌శాంప్లింగ్ అంటారు. సగటు తీయడంలో చిన్న మెలిక ఉంది: తీయాల్సింది వెలుగు సగటు, ఫైల్లో ఉండే అంకెల సగటు కాదు. నలుపు 0, తెలుపు 255 అయితే సరిగ్గా సగం వెలుగుకి అంకె 128 కాదు, దాదాపు 188. గుడ్డిగా అంకెల్ని సగటు చేస్తే చీకట్లో మెరిసే సన్నటి గీత ఉండాల్సినదానికంటే మసకగా వస్తుంది.

ఇంత చిన్న మెట్లు అసలు కంటికి కనిపిస్తాయా అంటే, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.277 మిల్లీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరం నుంచి అది కంటి దగ్గర చేసే కోణం సుమారు 1.6 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను). మామూలు చూపు ఒక ఆర్క్ నిమిషం దాకా విడదీసి చూడగలదు కాబట్టి అక్కడికే దొరికిపోతుంది. దానికి తోడు, తిన్నగా పోవాల్సిన గీత పక్కకి జరిగిందా లేదా అన్నది పట్టుకోవడంలో మన కన్ను ఇంకా గట్టిది, కొన్ని ఆర్క్ సెకన్ల తేడా కూడా పసిగట్టేస్తుంది. అంచు మెట్లు సరిగ్గా అలాంటి తేడాయే. మానిటర్ మారిస్తే చాలు, యాంటీ ఎలియాసింగ్ (ఈ మెట్లనీ మిణుకునీ తగ్గించే పద్ధతులు) గోల ఉండదు అనేవాళ్ల మాట నేను పెద్దగా నమ్మను. 4కే తెర మీద కూడా తీగలు మిణుకుమంటూనే ఉంటాయి, కాస్త చిన్నగా.

ఈ జబ్బు పాతదే. కంప్యూటర్ బొమ్మల్లో ఈ సమస్య గురించి ఫ్రాంక్లిన్ క్రో 1977లోనే పరిశోధన పత్రం రాశాడు. మందు ఇళ్లలోకి రావడానికి మాత్రం ఇరవై ఏళ్లు దాటింది. 2000లో 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ5 5500 అనే కార్డు తెచ్చింది, రెండు చిప్పులున్న పొడవాటి కార్డు, పిక్సెల్‌కి నాలుగు శాంపిళ్లు తీసేది. అందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. మనం 4కేలో గీయించి కుదించినప్పుడు ఆ నాలుగు బిందువులూ రెండు వరసల్లో, వరసకి రెండుగా కూర్చుంటాయి. దాదాపు అడ్డంగా పోయే అంచు (మెట్లు బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది అక్కడే) పై వరసలోని రెండింటినీ దాదాపు ఒకేసారి దాటుతుంది, తర్వాత కింది రెండింటినీ అలాగే. అంటే నాలుగు శాంపిళ్లు తీసినా వచ్చే ఛాయలు మూడే: ఖాళీ, సగం, నిండు. వూడూ5లో ఆ బిందువుల్ని కొంచెం తిప్పి, నాలుగింటినీ నాలుగు వేర్వేరు ఎత్తుల్లో పెట్టారు. అంచు ఒక్కో బిందువునీ విడివిడిగా దాటుతుంది, అదే నాలుగు శాంపిళ్లకి ఐదు ఛాయలు వస్తాయి. అలాంటి అంచుల విషయంలో ఆ పాత కార్డు పద్ధతి ఈరోజు మనం డ్రైవర్‌లో (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో) టిక్కు పెట్టి చేసే నాలుగు రెట్ల కుదింపు కంటే మెరుగు.

ఖర్చు భరించలేక తర్వాతి కార్డులు ఎంఎస్‌ఏఏ వైపు వెళ్లాయి. అది వస్తువుల అంచుల దగ్గరే ఎక్కువ శాంపిళ్లు తీస్తుంది, లోపలి రంగు లెక్క మాత్రం పిక్సెల్‌కి ఒక్కసారే. చౌక బేరమే. కానీ తడిసిన రోడ్డు మీద తళుకులు, ఆకుల బొమ్మలోని కంతలు లాంటివి దానికి చిక్కవు, వెలుగు లెక్కలు చివర్లో ఒకేసారి చేసే డిఫర్డ్ రెండరింగ్ వచ్చాక దాన్ని వాడటం కూడా భారమైంది. ఎఫ్‌ఎక్స్‌ఏఏ లాంటివి పూర్తయిన బొమ్మలో అంచులు వెతికి అలికేస్తాయి, తెగిన తీగని అతికించలేవు.

దాంతో జనం మళ్లీ మొరటు పద్ధతికే వచ్చారు. 2012లో డార్క్ సోల్స్ అనే గేమ్ పీసీకి వచ్చినప్పుడు, మీ మానిటర్ ఏదైనా లోపల మాత్రం 1024×720లోనే గీసేది. విడుదలైన కొద్ది గంటల్లోనే డ్యురాంటే అనే మారుపేరుతో ఉండే ప్రోగ్రామర్ డీఎస్‌ఫిక్స్ అనే చిన్న మాడ్ (గేమ్‌ని మార్చే బయటి ప్రోగ్రామ్) వదిలాడు. దాంతో ఆ తాళం తెరుచుకోవడమే కాదు, మానిటర్ కంటే పెద్ద సైజులో గీయించి కుదించడం కూడా కుదిరింది. 2014 సెప్టెంబర్‌లో ఎన్‌విడియా ఇదే పనిని డీఎస్‌ఆర్ పేరుతో డ్రైవర్‌లోనే పెట్టింది, డిసెంబర్‌లో ఏఎండీ వీఎస్‌ఆర్ అంది. డ్రైవర్ గేమ్‌కి అబద్ధం చెబుతుంది, ఇక్కడ 4కే తెర ఉంది అని. గేమ్ నమ్మి గీసేస్తుంది.

డీఎస్‌ఆర్‌లో 1.20 నుంచి 4.00 దాకా అంకెలు కనిపిస్తాయి. అవి మొత్తం పిక్సెళ్ల రెట్లు, పొడవు వెడల్పులవి కావు, చాలామంది తికమకపడేది ఇక్కడే. 4.00 అంటే రెండు వైపులా రెట్టింపు, ఒక్కో తెర పిక్సెల్‌కి సరిగ్గా నాలుగు, లెక్క తెగుతుంది. 1.78 (ఫుల్ హెచ్‌డీ మీద 2560×1440) పెడితే ఒక్కో వైపు పిక్సెల్ వాటాకి ఒకటిన్నర కూడా రాదు, ఆ అతకని లెక్కని కప్పిపుచ్చడానికే స్మూత్‌నెస్ అనే మీట ఉంది. అది మామూలుగా 33 శాతంలో ఉంటుంది. 4.00 వాడేవాళ్లు దాన్ని సున్నాకి లాగేసుకోవచ్చు, లేకపోతే ఉన్న పదును కూడా పోతుంది.

ఇప్పటి గేముల్లో ఎక్కువగా ఉండేది టీఏఏ. అది ప్రతి ఫ్రేములో ఆ బిందువుని పిక్సెల్ లోపలే కాస్త జరుపుతూ, పాత ఫ్రేముల జవాబుల్ని కూడబెడుతుంది. ఆలోచిస్తే ఇదీ సూపర్‌శాంప్లింగే, అప్పు వాయిదాల్లో తీర్చినట్టు. బొమ్మ కదిలితే పాత లెక్కలు సరిపోక మసక, వెనకాల తోకలు వస్తాయి. ఫుల్ హెచ్‌డీలో ఆ మసక మరీ ఎక్కువ, నాకైతే కళ్లద్దాలు తుడుచుకోవాలనిపిస్తుంది. 2022 జనవరిలో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల కోసం డీఎల్‌డీఎస్‌ఆర్ తెచ్చింది. కుదించే పనిని న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పగించి, 2.25 రెట్లతోనే పాత 4.00కి దగ్గరి నాణ్యత వస్తుందని చెప్పుకుంది.

దీనికి డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్నగా గీసిన బొమ్మని పాత ఫ్రేముల సాయంతో పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) కలిపితే లెక్క తమాషాగా ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెరమీద 2.25 పెడితే 2880×1620. అందులో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ ఆన్ చేస్తే గేమ్ లోపల ఒక్కో వైపు మూడింట రెండు వంతులే గీస్తుంది, అంటే సరిగ్గా 1920×1080. గీసింది 1080, పెంచింది 1620, మళ్లీ కుదించింది 1080. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం కదా అనకండి, మధ్యలో పాత ఫ్రేముల నుంచి పోగైన వివరం ఆ పెద్ద బొమ్మలో చేరి, అక్కడి నుంచి కుదించేటప్పుడు పదునుగా దిగుతుంది. మామూలు టీఏఏ కంటే ఇది చాలా గేముల్లో స్పష్టంగా బాగుంటుంది, కొంచెం ఫ్రేములు పోతాయి అంతే.

ఏ గేమ్‌కి ఏది అంటే, పదేళ్ల కిందటి గేమ్ 60 ఫ్రేముల దగ్గర ఆగి కార్డు గోళ్లు గిల్లుకుంటూ ఉంటే, మొహమాటం లేకుండా 4.00 పెట్టేయండి. ఆ పనంతా వాట్లయి గదిలోకే వస్తుంది, ఏసీ లేని గదిలో మే నెలలో ఆడేవాళ్లు అది కూడా చూసుకోవాలి. కొత్త గేముల్లో, అందులోనూ 8 జీబీ కార్డుల మీద, మెమరీ నిండి ఆట తడబడటం మొదలవుతుంది, అక్కడ డీఎల్‌డీఎస్‌ఆర్ దాటి పోవద్దు. పాత గేముల్లో ఇంకో చిక్కు అక్షరాలది. హెల్త్ బార్, మెనూ, సబ్‌టైటిల్స్ పిక్సెళ్ల లెక్కన గీసేవి అయితే 4కేలో అవి సగం ఎత్తుకి పడిపోతాయి, కుదించాక చదవడం చావే. యూఐ స్కేల్ అనే సెట్టింగ్ ఉంటే రెట్టింపు చేసుకోండి, లేకపోతే 2.25 దగ్గరే ఆగండి.