చార్టర్‌కి విమానం కొనేముందు: అపోహలు, వాస్తవాలు

చిన్న చార్టర్ సంస్థలకు, అంటే విమానాన్ని మొత్తంగా అద్దెకు తిప్పేవాళ్లకు, విమానాలు ఎంచిపెట్టడం నా పని. మొదటి మీటింగ్‌కి యజమానులు చాలావరకు విమానం బ్రోచర్ పట్టుకొస్తారు. నేను అడిగేది రూట్ల కాగితం. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, ఎంత సామాను, రన్‌వే ఎంత పొడవు, అక్కడ ఇంధనం దొరుకుతుందా, మండే ఎండలో ఉష్ణోగ్రత ఎంత? అది చేతికొచ్చేదాకా ఏ విమానం పేరూ చెప్పను.

అపోహ: తొమ్మిది సీట్లుంటే తొమ్మిది మందీ వెళ్లొచ్చు.

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం సెస్నా గ్రాండ్ కారవాన్ ఈఎక్స్‌నే తీసుకోండి. ట్యాంకులు నిండా నింపితే ఇంధనమే సుమారు 1,000 కిలోలు. ఇంధనం, పైలట్, ప్రయాణికులు, సామాను అన్నీ కలిపి అది మోయగలిగేది 1,600 కిలోల దగ్గర్లో. పైలట్ కూర్చున్నాక మిగిలేది దాదాపు 500 కిలోలు, అంటే సామానుతో ఐదుగురు. దగ్గర ట్రిప్పులకి ట్యాంకులు నింపరు, నిజమే. కానీ వెళ్లే చోట ఇంధనం దొరక్కపోతే రానూపోనూ సరిపడా ఇక్కడే పోసుకోవాలి.

దీనికి ఎండ తోడవుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి రెక్కలకీ ఇంజిన్‌కీ పట్టు తగ్గుతుంది. సముద్ర మట్టంలో ఉన్న రన్‌వే కూడా 35 డిగ్రీల వేడిలో విమానానికి సుమారు 2,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. ఒక మధ్యాహ్నం ఎనిమిది మంది ఎక్కి బెల్టులు పెట్టుకున్నాక బరువుల షీట్ కుదరలేదు. ఇద్దర్ని దింపాల్సి వచ్చింది. అందులో ఒక పెద్దావిడ సంచి గుండెలకు హత్తుకుని, విమానం కదిలేదాకా అలాగే నిలబడి చూశారు. పైలట్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. తప్పు జరిగింది ఆ రూటుకి ఆ విమానం కొన్న రోజున.

అపోహ: జెట్ అయితే బోలెడు టైమ్ కలిసొస్తుంది.

300 కిలోమీటర్లకి కలిసొచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. జెట్ ఇంకా పైకెక్కుతుండగానే దిగే టైమ్ వచ్చేస్తుంది. కింది ఎత్తుల్లో అది ఇంధనం విపరీతంగా తాగుతుంది. వెయ్యి కిలోమీటర్లు దాటే ట్రిప్పులే ఎక్కువైతే అప్పుడు జెట్ గురించి కూర్చుని మాట్లాడదాం.

అపోహ: ఒకే ఇంజిన్ అంటే ప్రమాదమే.

పీటీ6 రకం టర్బోప్రాప్ ఇంజిన్లు (ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ ఇంజిన్లు) 1960ల నుంచి సర్వీసులో ఉన్నాయి. ఒక్క టర్బైన్ ఇంజిన్‌తో రాత్రిపూట, మబ్బుల్లో ప్రయాణికుల్ని తీసుకెళ్లడానికి యూరప్ నియమాలు 2017లో దారి ఇచ్చాయి, అదనపు పరికరాలు, శిక్షణ ఉండాలన్న షరతులతో. అయినా మీ రూట్లు ఎక్కువగా సముద్రం మీదో కొండల మీదో ఉంటే నేను రెండు ఇంజిన్ల విమానమే కొనమంటాను. ఇంజిన్ ఆగితే అక్కడ దించడానికి చోటుండదు.

అపోహ: సీట్లు పెరిగేకొద్దీ లాభం.

19 దాటితే అమెరికా, యూరప్ నియమాల ప్రకారం క్యాబిన్ సిబ్బంది తప్పనిసరి. ట్విన్ ఆటర్, డోర్నియర్ 228, బీచ్‌క్రాఫ్ట్ 1900 మూడూ 19 దగ్గరే ఆగడం ఊరికే కాదు.

అపోహ: పాత విమానం చవక.

కొనేటప్పుడు చవకే. ఇంజిన్‌లోని టర్బైన్ డిస్కుల ఆయుష్షుని సైకిల్స్‌లో లెక్కిస్తారు, ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. ఇరవై నిమిషాల ట్రిప్పులు రోజుకి ఆరు తిప్పితే గంటలు రెండే, సైకిల్స్ మాత్రం ఆరు. ఒకసారి అమ్మేవాళ్లు అట్టపెట్టె నిండా లాగ్‌బుక్కులు ఇచ్చారు. రెండ్రోజులు కూర్చుని తిరగేస్తే ఒక డిస్కుకి మూడేళ్ల రికార్డు లేదు. డిస్కు బాగానే ఉండి ఉండొచ్చు. ఎన్ని సైకిల్స్ తిరిగిందో కాగితం చెప్పనప్పుడు దాన్ని విప్పి పక్కన పెట్టాల్సిందే. కొత్త డిస్కు ధర కలిపితే ఆ బేరం నిలబడలేదు.

అపోహ: రకానికొకటి ఉంటే ఏ కస్టమరూ చేజారడు.

మూడు విమానాలు మూడు రకాలైతే స్పేర్ పార్టులు మూడు సెట్లు, శిక్షణ మూడు రకాలు. ఒకటి హ్యాంగర్‌లో ఆగితే దాని పైలట్లు ఖాళీగా కూర్చుంటారు, పక్కనున్న విమానం నడిపే రేటింగ్ వాళ్లకి ఉండదు. కస్టమర్ ఫోన్ మీద ఫోన్, ఆఫీసంతా టెన్షన్. అందుకే ఒకే రకం రెండు కొనండి. రెండోది కొనే స్తోమత ఇంకా లేకపోతే, మొదటిది ఆగిన రోజు అద్దెకిచ్చేవాళ్లతో ముందే రాతపూర్వకంగా మాట్లాడి పెట్టుకోండి.